అవతలి మూల నీళ్ళు

సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏ వాసనా లేదు. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అవతల కిటికీ ఊచలు తేటగా కనిపించాయి. కైకలూరు పక్కన ఒక ఊరివాళ్ళు కుళాయి నీళ్ళు కంపు కొడుతున్నాయని నాలుగు రోజులుగా ఫోన్లు చేస్తుంటే, అక్కడి పంపు ఆపరేటరు ఈ సీసా నింపి ఏలూరులో మా నీటి సరఫరా ఆఫీసుకి పట్టుకొచ్చాడు. "చూసారుగా మేడమ్, శుభ్రంగా ఉన్నాయి. ఊరికే గోల చేస్తున్నారండి" అన్నాడు. నేను సీసా బల్ల మీద పెట్టి, "ఎక్కడ పట్టారండీ ఇవి?" అని అడిగాను. అతను ఒక్క క్షణం తడబడి, "ట్యాంకు కిందేనండి" అన్నాడు. ఆ ప్రశ్న నా నోట్లోంచి వచ్చిన తీరు నాకే వింతగా తోచింది. మాట చివర కొంచెం సాగదీసి, గొంతు పెంచకుండానే ఎదుటివాళ్ళని నిలబెట్టేసే ఆ ధోరణి పుట్టుకతో నాది కాదు. అది మస్తాన్ గారిది.

మస్తాన్ గారిని మీరు చూసి ఉండరు. ముదినేపల్లి సెంటర్లో ఎరువుల కొట్టుకీ సైకిలు షాపుకీ మధ్య ఇరుక్కున్న ఒక్క గది ఆయన ల్యాబు. చుట్టుపక్కల ఊళ్ళలో చేపల చెరువులున్న రైతులు నీళ్ళు పరీక్ష చేయించుకోవడానికి అక్కడికే వచ్చేవారు. చెరువులో విషవాయువు ఎంత పేరుకుంది, సున్నం ఎంత చల్లాలి, మేత ఎన్నాళ్ళు ఆపాలి, అన్నీ ఆయనే చెప్పేవారు. డిగ్రీలో కెమిస్ట్రీ చదివి, మందుల కంపెనీ ఉద్యోగం నచ్చక వచ్చేసిన మనిషి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో ఉండేవారు. పాత స్కూటరు ముందు బుట్టలో ఖాళీ సీసాలు గలగలమనేవి. ఆ చప్పుడు విని మస్తాన్ గారొస్తున్నారని కాలవ గట్టు మీద గేదెలు కూడా తప్పుకుంటాయని మా నాన్న హాస్యమాడేవాడు.

ఆయనకి ఒక పట్టింపు ఉండేది. ఎవరింటికెళ్ళినా మంచినీళ్ళు ముట్టేవారు కాదు. స్టీలు సీసాలో ఇంటినుంచి తెచ్చుకున్నవే తాగేవారు. మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు అమ్మ గ్లాసుతో నీళ్ళిస్తే, దణ్ణం పెట్టి వద్దన్నారు. అమ్మ ముఖం మాడిపోయింది. మేము చర్చి వెనక వీధివాళ్ళం. మా గ్లాసు వద్దన్నవాళ్ళు మాకు కొత్త కాదు. మస్తాన్ గారు అది గమనించినట్టున్నారు. "మా సొంత అన్నయ్య ఇంట్లో కూడా తాగనమ్మా. రోజంతా నీళ్ళలో ఏముందో చూసే పాడు బుద్ధి. ఎక్కడ నోట్లో పోసుకున్నా లెక్కలు వచ్చేస్తాయి" అన్నారు. అమ్మ సగం నమ్మింది. మిగతా సగం నమ్మడానికి ఆయన అన్నగారి కూతురి పెళ్ళికి వెళ్ళాల్సి వచ్చింది. అక్కడ పందిట్లో ఆయన తన స్టీలు సీసా ఎత్తి తాగుతుంటే చూసి, ఇంటికొచ్చి తెగ నవ్వింది.

ఇంటర్ పరీక్షలు అయిపోయిన వేసవిలో నేను ఆయన ల్యాబులో పనికి కుదిరాను. ఖాళీగా ఉంటే ఫోను పట్టుకుని కూర్చుంటానని నాన్న పంపాడు. మొదట సీసాలు కడిగాను, తర్వాత చుక్కలేసి రంగు మారడం చూసి కార్డుతో పోల్చడం నేర్చుకున్నాను. మూడో వారం రాజు గారనే రైతు చెరువుకి నీళ్ళు పట్టుకురమ్మని నన్నే పంపారు. గట్టెక్కి, మోటారు షెడ్డు పక్కన మెట్లు దిగి, సీసా ముంచి తెచ్చి పరీక్ష చేసాను. రంగు లేతగా వచ్చింది. "బాగుంది" అని కాగితం మీద రాసి గర్వంగా అందించాను. ఆయన కాగితం చూడలేదు. నా కాళ్ళు చూసారు.

"కాళ్ళకి బురదే లేదేంటమ్మా?"

"మెట్లున్నాయండీ అక్కడ."

"మెట్ల దగ్గర కొత్తనీరు పడుతుంది, మోటారు తిరుగుతుంది. అక్కడ ఎవరి చెరువైనా బాగానే ఉంటుంది. గాలి కొట్టుకుపోయి చెత్తంతా చేరే మూల ఒకటుంటుంది కదా, అవతల. అక్కడికి వెళ్ళావా?"

వెళ్ళలేదు. అవతలి మూలకి వెళ్ళాలంటే మోకాలిలోతు బురద. ఆయన స్కూటరు తీసి, నన్ను వెనక ఎక్కించుకుని వెళ్ళి, తెల్ల ప్యాంటు మడిచి ఆ బురదలోకి దిగారు. ఆ సీసాలో చుక్కలేస్తే రంగు చిక్కటి పచ్చగా తిరిగింది. ఇంకో రెండు రోజులు ఊరుకుంటే రాజు గారి చేప మొత్తం తేలిపోయేదే. ఆయన రాజు గారికి ఫోను చేసి, "మొదట తీసిన శాంపిల్ తప్పండి, మాదే పొరపాటు. వెంటనే మేత ఆపించండి" అన్నారు. మాదే అన్నారు, అమ్మాయిదే అనలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడవకుండా సీసాలన్నీ మళ్ళీ కడిగాను.

ఆ ఏడాది ఎంట్రన్సులో నాకు చెప్పుకోదగ్గ ర్యాంకే వచ్చింది. మా వీధిలో ఇంజనీరింగుకి వెళ్ళబోయే మొదటిదాన్ని నేనే. ర్యాంకు వచ్చిన మూడో రోజునే ఒక పీఆర్వో మోటారు సైకిలు మీద ఇంటికి దిగాడు. బస్సులో రెండున్నర గంటల దూరంలో ఉన్న ఒక యూనివర్సిటీ తరఫున వచ్చాడు. పేరు చెప్పను, ఇప్పుడది లేదు కూడా. రంగుల పుస్తకం, గుడ్డ సంచీ, ఒక గోడ గడియారం ఇచ్చాడు. ఫోటోల్లో హాస్టలు గదులకి ఏసీలున్నాయి, కిటికీలకి తెరలున్నాయి. మా నాన్నని మాటమాటకీ "సార్" అన్నాడు. కాలవ చివర శివారు పొలం చేసుకునే మా నాన్నని సార్ అన్న మొదటి మనిషి అతనే. దాంతో సగం సీటు అప్పుడే ఖాయమైపోయింది. "సోమవారం వస్తాను సార్. పాప ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేస్తే సీటు మనదే. కౌన్సెలింగు, ఆప్షన్లు, ఆ తలనొప్పులేవీ ఉండవు" అన్నాడు.

కౌన్సెలింగు అంటే ఏమిటో మాకూ సరిగా తెలీదు. మనకి కావలసిన కాలేజీలూ బ్రాంచీలూ వరసగా కంప్యూటర్లో పెట్టి, గడువులోగా ఖాయం చెయ్యాలి. మా గడువు శనివారం సాయంత్రం. అది దాటితే ఆ విడతకి అంతే. సోమవారం సర్టిఫికెట్లు ఇచ్చేసామంటే అసలు ఏ దారీ ఉండదు. నాకు ఆ ఏసీ గది తెగ నచ్చింది, నిజం దాచడం దేనికి. నాన్న చర్చిలో ఫాదరు గారికి కూడా చెప్పేసాడు. గురువారం పొద్దున నేను ఆ రంగుల పుస్తకం ల్యాబుకి తీసుకెళ్ళి మస్తాన్ గారికి చూపించాను.

ఆయన పేజీలన్నీ తిప్పి, పుస్తకం మూసి, "ఎవరు తెచ్చారమ్మా ఇది?" అన్నారు.

"పీఆర్వో గారండీ."

"అంటే ఆయన పట్టి తెచ్చిన సీసా. ఆయన మెట్ల దగ్గరే పట్టుంటాడు. రేపు మనం వెళ్దాం, మీ నాన్నగారిని కూడా రమ్మను."

శుక్రవారం ముగ్గురం బస్సెక్కాం. యూనివర్సిటీ గేటు దగ్గరే పీఆర్వో ఎదురొచ్చి కూల్ డ్రింకులిచ్చాడు. మస్తాన్ గారు తన స్టీలు సీసా తీసుకున్నారు. గేటు లోపల నీళ్ళు చిమ్మే ఫౌంటెను, పచ్చిక, అద్దాల మేడ ఉన్నాయి. ఆడపిల్లల హాస్టల్లోకి మగవాళ్ళని రానివ్వరు కాబట్టి నాన్నా ఆయనా బయట షెడ్డులో కూర్చున్నారు. వార్డెను నన్ను లోపలికి తీసుకెళ్ళి గది చూపించింది. ఫోటోలో ఉన్నట్టే ఉంది. మంచం మీద మడత నలగని దుప్పటి, బల్ల మీద ప్లాస్టిక్ పూలు, చల్లటి గాలి. ఐదు నిమిషాల్లో ముఖం వెలిగిపోతూ బయటికొచ్చాను. మస్తాన్ గారు నా చెప్పుల వైపు చూసారు.

"ఎన్నో అంతస్తమ్మా?"

"కిందేనండీ."

"నీకిచ్చేది ఎన్నో అంతస్తు?"

"అడగలేదండీ."

"ఆ గదిలో ఎవరుంటున్నారు?"

"ఎవరూ లేరండీ. ఖాళీగా ఉంది."

"మనుషులు లేని గది చూసొచ్చావన్నమాట" అని, హాస్టలు గుమ్మం వైపు చూపించి, "నేను లోపలికి రాలేనమ్మా. అవతలి మూల నువ్వే చూసుకోవాలి" అన్నారు.

చేతిరుమాలు మరిచిపోయానని వార్డెనుకి అబద్ధం చెప్పి మళ్ళీ లోపలికెళ్ళాను. ఈసారి గది వైపు వెళ్ళకుండా మెట్లెక్కేసాను. రెండో అంతస్తు దాకా గోడలకి రంగుంది. నాలుగో అంతస్తులో వరండా పొడుగునా బకెట్లు బారులు తీరి ఉన్నాయి. ఒక్కోదాని మీద గోళ్ళరంగుతో పేరు రాసుంది. తల రుద్దుకుని సబ్బు నురగతోనే ఒకమ్మాయి గోడకానుకుని నిలబడింది. నీళ్ళు ఆగిపోయాయట, మళ్ళీ ఎప్పుడొస్తాయో తెలీదట. మాది ముదినేపల్లి అంటే, ఆ అమ్మాయి తమది జంగారెడ్డిగూడెం అంది. ల్యాబులు ఎలా ఉంటాయని అడిగాను. "ల్యాబంటే వీడియో పెడతారు. చూసి రికార్డు రాసుకోవడమే. పోయినేడు మాకు మూడు సబ్జెక్టులకి సార్లే లేరు" అంది. మరి వేరేచోటికి మారకపోయావా అంటే, నురగ కళ్ళలో పడకుండా తుడుచుకుంటూ, "సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గరున్నాయి కదా. నువ్వు ఇచ్చేసావా?" అని అడిగింది.

"ఇంకా లేదు."

"అయితే ఇంటికెళ్ళిపో" అంది.

తిరుగు బస్సులో నాన్న పీఆర్వో ఇచ్చిన కూల్ డ్రింకు ఖాళీ సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. సార్ అనిపించుకోవడం నాలుగు రోజుల్లోనే అయిపోయినందుకు ఆయనకి కష్టంగానే ఉండుంటుంది. నాకు మాత్రం భయంతో పాటు విచిత్రమైన ధైర్యం వచ్చింది. నాలుగు మెట్ల వరసలు ఎక్కితే నిజం కనిపించింది. నా అంతట నేనే వెళ్ళి చూసి రాగలిగాను.

శనివారం పొద్దున్నే తాడేపల్లిగూడెం బయల్దేరాం. కైకలూరులో బస్సు మారి, కొల్లేరు మధ్య రోడ్డు మీదుగా ఏలూరు, అక్కణ్ణించి ఉంగుటూరు మీదుగా గూడెం. ర్యాంకుని బట్టి నాకు దొరికే కాలేజీల్లో ఒకటి అక్కడుంది. పాతది. గేటు దగ్గర మమ్మల్ని ఎవరూ పలకరించలేదు. వాచ్‌మన్ ఎవరు కావాలని కూడా అడగలేదు. "మంచిదే. మనకోసం ఎవరూ తుడిచి పెట్టలేదు" అన్నారు మస్తాన్ గారు సంబరంగా. హాస్టలు వార్డెను, "మోకాళ్ళ నొప్పులమ్మా, నువ్వే వెళ్ళి చూసుకో" అని చెయ్యి ఊపింది. చెప్పకుండానే మూడో అంతస్తు చివరికి వెళ్ళాను. గదికి ముగ్గురు, తలుపులకి గొళ్ళాలు వదులు, దోమలు పగలే కుడుతున్నాయి. బకెట్ల అడుగున ఎర్రటి మరకలు. దోసిట్లో పట్టి చూస్తే ఇనుము వాసన. కానీ కుళాయి తిప్పగానే నీళ్ళొచ్చాయి. మెస్సు కమిటీ అమ్మాయిలు వరండాలో కూర్చుని సొరకాయ కూర వారానికి ఎన్నిసార్లు వండాలని పోట్లాడుకుంటున్నారు. ఒకమ్మాయి గొంతు చించుకుని వార్డెను మీద ఫిర్యాదు చదువుతుంటే, కింద ఉన్న వార్డెను అక్కణ్ణించే జవాబు చెబుతోంది. అంత గట్టిగా అడగగలుగుతున్నారంటే ఇక్కడ భయం లేదని నాకనిపించింది.

తర్వాత డిపార్టుమెంట్లు చూసాను. కంప్యూటరు బ్లాకులో గంట కూర్చున్నాను. బాగానే ఉంది, కానీ నాకేమీ అడగాలనిపించలేదు. సివిల్ వాళ్ళ ల్యాబు తలుపు తెరిచే ఉంది. లోపల ఒక మేడం, ఇద్దరమ్మాయిలు బోరు నీళ్ళు పరీక్ష చేస్తున్నారు. గుమ్మంలో నిలబడి చూస్తున్న నన్ను మేడం లోపలికి పిలిచి, గాజుగొట్టం చేతికిచ్చింది. నేను దాన్ని ఆ బోరు నీళ్ళతోనే రెండుసార్లు కడిగి నింపితే, "ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అంది. ముదినేపల్లిలోనండీ అన్నాను. గంట గడిచిందని తెలిసేసరికి నాన్న కిటికీలోంచి చెయ్యి ఊపుతున్నాడు.

ఏలూరు తిరిగొచ్చి బస్టాండు పక్క ఇంటర్నెట్ సెంటర్లో ఆప్షన్లు పెట్టడానికి కూర్చున్నాం. గడువుకి రెండు గంటలుంది. గూడెం కాలేజీ అనేదాకా ముగ్గురికీ ఒకే మాట. బ్రాంచి దగ్గరికొచ్చేసరికి నేను సివిల్ అన్నాను. మస్తాన్ గారు ఉలిక్కిపడ్డారు. "వద్దమ్మా. కంప్యూటర్సు పెట్టుకో. ఈ నీళ్ళూ బురదా నాతో పోవాలి. నువ్వు హాయిగా ఫ్యాను కింద కూర్చుని చేసుకునే ఉద్యోగం చూసుకో" అన్నారు. ఆయన గొంతులో అంత బతిమాలింపు నేనెప్పుడూ వినలేదు. నామీద ఎంత ఆశ పెట్టుకున్నారో అప్పుడు అర్థమైంది. కానీ ఊరుకుంటే ఆయన దగ్గర నేర్చుకున్నదంతా దండగే.

"కంప్యూటరు బ్రాంచి మీరెక్కడ చూసారండీ?" అన్నాను.

"చూడటమేంటమ్మా, అందరూ చెబుతున్నదేగా."

"నేను రెండూ చూసానండీ. అక్కడ గంట కూర్చుంటే కునుకొచ్చింది. సివిల్ ల్యాబులో గంట నిలబడితే కాళ్ళు కూడా నొప్పెట్టలేదు. అందరూ చెప్పింది మెట్ల దగ్గర నీళ్ళే కదండీ."

ఆయన నా చెప్పుల వైపు చూసారు. పొద్దుటి ప్రయాణానికి వాటి నిండా దుమ్మే. "అయితే పెట్టమ్మా" అన్నారు నెమ్మదిగా. నాన్న ఇంకా గొణుగుతూనే ఉన్నాడు. చివరికి ఆయన అడిగింది ఒక్కటే. "మన కాలవ మీద ఇంతమంది ఇంజనీర్లు మారారు. పైన లాకుల దగ్గర నిలబడి నీళ్ళు వదిలామంటారు. శివారుకి వచ్చి చేరాయా లేదా చూసినవాడు లేడు. నువ్వొస్తావా?"

"వస్తాను నాన్నా" అన్నాను. ఆయన ఫోనుకి ఓటీపీ వచ్చింది. అంకెలు ఆయనే ఒక్కొక్కటీ చదివి చెప్పాడు. సోమవారం పీఆర్వో వస్తే అమ్మ గోడ గడియారం తిరిగిచ్చేసింది. మంచినీళ్ళు మాత్రం ఇచ్చింది.

గూడెంలోనే సివిల్ సీటు వచ్చింది. హాస్టల్లో చేరిన రోజు మస్తాన్ గారు కూడా వచ్చి, నా పెట్టె గేటు దాకా మోసారు. ఎండకి అల్లాడుతున్నా, ఎవరో నీళ్ళు తెచ్చిస్తే వద్దన్నారు. ఆ ఎర్రనీళ్ళతో మేము మూడేళ్ళు వేగాం. బట్టలు పాడయ్యాయి, జుట్టు ఊడింది, నేను కమిటీలో చేరి సొరకాయ మీద కూడా పోట్లాడాను. మూడో ఏడు ప్రాజెక్టుకి నేనూ ఇంకో ముగ్గురమ్మాయిలూ మేడం దగ్గరికెళ్ళి, మా హాస్టలు నీళ్ళే బాగు చేస్తామన్నాం. చిల్లుల రేకుల మీంచి నీళ్ళు ధారలుగా పడేటట్టు చేసి, గాలి తగిలి ఇనుము తుప్పులా విడిపోయాక ఇసకలోంచి వడకట్టాలి. చెప్పుకోవడానికి సులువే. రెండుసార్లు ఇసక కొట్టుకొచ్చి ట్యాంకంతా బురదైంది, అమ్మాయిలంతా మమ్మల్ని తిట్టిపోసారు. మూడోసారి నిలబడింది.

ఆ వారం మస్తాన్ గారికి ఫోను చేసాను. ఆదివారం స్కూటరు ముదినేపల్లిలో వదిలి బస్సులో వచ్చారు. గేటు దగ్గర షెడ్డులో, విజిటర్ల బెంచీ మీద కూర్చున్నారు. నేను లోపలికెళ్ళి గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని వెలుతురుకి ఎత్తారు, వాసన చూసారు.

"ఎక్కడ పట్టావమ్మా?"

"మూడో అంతస్తు, వరండా చివర కుళాయి దగ్గరండీ. పైపు అక్కడితో అయిపోతుంది."

స్టీలు సీసా పక్కన బెంచీ మీదే ఉంది. గ్లాసు నోటికి పెట్టుకుని చివరి చుక్క దాకా తాగారు. తర్వాత ఖాళీ గ్లాసు నాకిచ్చి, "ఇంకో గ్లాసు తెస్తావా తల్లీ" అన్నారు. మెట్లెక్కుతుంటే నాకు కళ్ళు కనపడలేదు.

పోయిన వేసవిలో మస్తాన్ గారు కాలం చేసారు. ల్యాబు గదిలో ఇప్పుడు ఫోన్లు బాగుచేసే షాపు పెట్టారు. పంపు ఆపరేటరు ఇంకా నా బల్ల ముందే నిలబడి ఉన్నాడు. అతను తెచ్చిన నీళ్ళు సింకులో పారబోసి, ఆ సీసానే చేతిలో పట్టుకుని లేచాను. "పైపు చివర ఇల్లు ఎవరిదండీ?" అని అడిగాను. "అది చాలా దూరమండి, బండి వెళ్ళదు. వానకి దారంతా బురద" అన్నాడు. ఫరవాలేదు, నడుద్దామన్నాను. సంచీలో గ్లాసు కూడా పెట్టుకున్నాను. ఎన్ని రోజులు పట్టినా, ఆ నీళ్ళు బాగయ్యాక, ఆ ఇంటి ముందే నిలబడి తాగాలి.